బీమా కాగితంలో ముందు ఏం చూడాలి: దేవరకొండ జిరాక్సు షాపు నుంచి

దేవరకొండలో మాది జిరాక్సు, ఆన్‌లైన్ సెంటర్. పహాణీలు, కుల సర్టిఫికెట్లు, హాల్ టికెట్లు వచ్చినట్టే బీమా బాండ్లు కూడా మా బల్ల మీదికి వస్తుంటాయి. చాలామంది ఆ బాండు తెరిచేది ఇంట్లో మనిషి పోయాకనో, మనిషి దవాఖానలో పడ్డాకనో. మడతలు పడ్డ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో తెచ్చి "అక్కా, ఇందుల మాకెంత వస్తదో జర చూడు" అని అడుగుతారు. అప్పటికి చూసేదేమీ మిగలదు. క్లెయిము రాకుండా పోవడానికి కారణం చాలాసార్లు ఫారం నింపిన రోజే ఆ కాగితం మీదికి ఎక్కి ఉంటుంది.

అందుకే పాలసీ కొనేటప్పుడు "ఎంత వస్తుంది" అన్నదానికంటే ముందు "ఎప్పుడు రాదు" అని అడగమంటాను. ఆ ప్రశ్న ఏ కాగితానికి ఎట్లా వేయాలో, నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చే కాగితాలను పట్టుకొని చెబుతాను.

ఇప్పటికే మీ పేరు మీద ఉన్నవి

కొత్త పాలసీ కొనకముందు బ్యాంకు పాసుబుక్కులో మే నెలాఖరు, జూన్ మొదటి పేజీలు తీయండి. 436 రూపాయలు ఒకటి, 20 రూపాయలు ఒకటి కోత పడ్డాయా చూడండి. 436 అంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. మనిషి ఏ కారణంతో చనిపోయినా నామినీకి 2 లక్షలు. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి, 55 దాకా నడుస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజుల్లో ప్రమాదంతో తప్ప చనిపోతే రాదు. 20 రూపాయలది సురక్షా బీమా, 18 నుంచి 70 ఏళ్ల దాకా. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, ఒక కన్నో ఒక చెయ్యో ఒక కాలో పూర్తిగా పోతే లక్ష. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా ఉంటాయి. కోత పడే రోజున ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. బ్యాంకు నుంచి ఎవరూ మన ఇంటికొచ్చి చెప్పరు. మే నెలలో 456 రూపాయలు ఖాతాలో వదిలిపెట్టండి. రెండు బ్యాంకుల్లో రెండుసార్లు కోత పడుతుంటే ఒకచోట ఆపించండి, ఎన్నిచోట్ల కట్టినా క్లెయిము ఒక్కటే.

చందంపేట వైపు తండా నుంచి ఒకామె వచ్చింది. పత్తి చేన్ల భర్తను పాము కరిచింది. దవాఖానకు తీసుకొచ్చారు, దక్కలేదు. ఆమె తెచ్చిన కాగితాలను ఒక్కొక్కటే బల్ల మీద పరిచాను. ఆధార్, రేషన్ కార్డు, మరణ ధ్రువీకరణ పత్రం, పాసుబుక్కు. పాసుబుక్కులో పెన్సిలు గీత కంటే సన్నగా, సగం చెరిగిపోయిన అక్షరాల్లో 20 రూపాయల కోత. ఆ కోత ఉందని ఆమెకు తెలియదు. పాముకాటు, చెట్టు మీంచి పడడం కూడా ఈ పథకంలో ప్రమాదం కిందికే వస్తాయి. అయితే దవాఖాన వాళ్లు వెంటనే రాసిన రికార్డులో ఆ కారణం ఉండాలి. ఆమె కవరు అడుగున నాలుగు మడతలు పెట్టిన ఓపీ చీటీ దొరికింది. డాక్టరు దాని మీద పాముకాటు అని రాశాడు, తేదీ, టైము కూడా వేశాడు. ఆ చీటీయే క్లెయిముకు ఆధారమైంది.

తాళ్లెక్కే గీత కార్మికుల ఇళ్లల్లో, బొంబాయి పుణెలకు పనికి పోయే పాలమూరు కుటుంబాల్లో ఈ సంగతి అందరికీ తెలియాలి. మంత్రం వేయించి ఇంట్లోనే ఉంచితే ముందు ప్రాణానికి ప్రమాదం. ఆ తర్వాత కాగితం కూడా ఉండదు. ఏ ప్రమాదమైనా దవాఖాన చీటీ, అవసరమైతే పోలీసు ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు ఉండాలి. "శవాన్ని కోయనియ్యం" అని పంచనామా లేకుండా దహనం చేసిన ఇళ్లకు తర్వాత ప్రమాదమని రుజువు చేయడం ఎంత కష్టమో నేను చూస్తున్నాను. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆ మాట చెప్పడం కష్టమే. దగ్గరి చుట్టమెవరైనా ముందుకొచ్చి చెప్పాలి.

పట్టా ఉన్న రైతుకు రైతుబీమా ఉంది. 2018 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు, ప్రీమియం సర్కారే ఎల్ఐసీకి కడుతుంది. పేరులో రైతు ఉంది కాబట్టి పంట పోతే వస్తుందనుకుంటారు. ఇది ప్రాణానికే, పంటకు కాదు. కౌలు రైతుకు లేదు. ఇక్కడ నేను చూసే చిక్కులు రెండు. ఆధార్‌లో వయసు తప్పుగా ఎక్కి 59 దాటిపోవడం ఒకటి. నామినీగా రాసిన తల్లి ఎప్పుడో కాలం చేసినా పేరు మార్చకపోవడం రెండోది. రెండింటినీ మనిషి బతికి ఉన్నప్పుడే సరిచేసుకోవాలి. నామినీ మార్పుకు మీ క్లస్టరు వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) కలవండి.

ఆరోగ్యశ్రీ సంగతి మహబూబ్‌నగర్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో అది ఒకటి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో పరిమితి 10 లక్షలు. చేరేముందు కౌంటరులో ఆరోగ్యమిత్రను కలిసి, ఈ ఆపరేషన్ ఈ దవాఖానలో పథకం కింద ఉందా అని అడగండి. ఉందన్నాక కూడా అడ్వాన్సు కట్టమంటే 104కు ఫోన్ చేయండి. గ్యాస్ సిలిండరు పేలితే కూడా ఆయిల్ కంపెనీలు తీసుకున్న బీమా ఉంటుంది, చనిపోయిన మనిషికి 6 లక్షల దాకా. దానికి మనం వేరే ప్రీమియం కట్టేది లేదు, కానీ కనెక్షన్ మన పేరు మీద, ఆ ఇంటి అడ్రసు మీదే ఉండాలి. చేనేత కుటుంబాలకు నేతన్న బీమా 2022 ఆగస్టు నుంచి ఉంది. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి వాళ్లు మీ సొసైటీలో పేరు ఉందో లేదో అడగండి.

ఫారం ఎవరు నింపుతున్నారు

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది.

పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో ఆరోగ్యం గురించి ఒక పేజీ ఉంటుంది. షుగరు ఉందా, బీపీ ఉందా, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా, పొగాకు, మందు అలవాటు ఉందా, ఇంతకుముందు ఏ కంపెనీ అయినా పాలసీ ఇవ్వనన్నదా. నా దగ్గరికొచ్చే బాండ్ల వెనక ఆ ఫారం కాపీ జతచేసి ఉంటుంది. అన్ని గళ్లలో ఒకే చేతిరాతతో, ఒకే వాలుగా "లేదు", "లేదు", "లేదు". కింద మాత్రం వేరే చేతి సంతకం, కొన్నిసార్లు వేలిముద్ర. ఇప్పుడైతే ఏజెంటు ఫోన్లో నొక్కుకుంటూ పోతాడు, మనం ఓటీపీ చెబుతాం. ఆ ఓటీపీయే మన సంతకం.

ఏజెంటు అబద్ధం రాశాడని తర్వాత చెబితే కంపెనీ సాధారణంగా ఒప్పుకోదు, కింద సంతకం మనదే కాబట్టి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం జీవిత బీమా పాలసీ మొదలై మూడేళ్లు దాటితే, దాచిపెట్టారన్న పేరుతో కూడా కంపెనీ దాన్ని తిరగదోడలేదు. ఆరోగ్య బీమాకు ఆ గడువు ఇప్పుడు ఐదేళ్లు, 2024 దాకా ఎనిమిదేళ్లు ఉండేది. అయితే ఆరోగ్య బీమాలో మోసమని రుజువైతే ఆ రక్షణ ఉండదు. మొదటి మూడేళ్లలో పెద్ద మొత్తం క్లెయిము వస్తే కంపెనీ మనిషి ఊరికొస్తాడు. మందుల షాపులో అడుగుతాడు, ఆర్ఎంపీని అడుగుతాడు, నల్లగొండ, మిర్యాలగూడ దవాఖానల్లో పాత ఓపీ రికార్డు తీయిస్తాడు. "షుగరు గోళీలు నాలుగేళ్ల నుంచి వాడుతున్నడు" అని పక్కింటాయన మామూలుగా అన్న మాట కూడా రిపోర్టులో ఎక్కుతుంది.

కాబట్టి ఫారం మీరే నింపండి, రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లలతో నింపించండి. ఏజెంటు పక్కన కూర్చొని "ఇది రాస్తే పాలసీ రాదన్నా, వదిలెయ్యి" అంటే ఆయన చూసుకునేది తన కమీషను. నిజం రాస్తే ప్రీమియం కొంచెం పెరుగుతుంది, లేదంటే ఆ జబ్బుకు కొన్నాళ్లు ఆగమంటారు. మరీ అయితే ఇవ్వమంటారు. అట్లా ఇవ్వనంటే మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది. దాచి తీసుకుంటే కట్టిన డబ్బూ పోవచ్చు, క్లెయిమూ పోవచ్చు.

మన ప్రాంతానికి ఇంకో మాట. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి కీళ్లు, నడుము పట్టేసి ఉంటాయి. అది జబ్బని వాళ్లు అనుకోరు, "మా ఊర్ల అందరికీ ఉండేదే" అంటారు. ఎక్స్‌రే తీయించి మందులు వాడి ఉంటే ఫారంలో రాయండి. మోకాలు చిప్ప మార్పిడికి పాలసీల్లో ఎట్లాగూ రెండు మూడేళ్ల వెయిటింగ్ ఉంటుంది. రాసి ఉంటే ఆ గడువు తీరాక క్లెయిము అడగొచ్చు. రాయకపోతే అప్పుడు కూడా గొడవే.

బాండు చేతికొచ్చాక 30 రోజులు మీవి. జీవిత, ఆరోగ్య పాలసీలకు దీన్ని ఫ్రీ లుక్ అంటారు. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. మెడికల్ పరీక్షల ఖర్చు, స్టాంపు ఖర్చు, గడిచిన రోజుల ప్రీమియం తీసుకొని మిగతాది ఇవ్వాలి. బాండు వచ్చిన రోజునే అట్ట మీద తేదీ రాసిపెట్టండి. ఈమెయిల్‌కు వస్తే ఆ మెయిల్ ఎవరిదో చూడండి. ఏజెంటు తన ఫోన్ నంబరు, తన మెయిల్ వేస్తే మీకు బాండు అందదు, 30 రోజులు మీకు తెలియకుండానే అయిపోతాయి. ఇది నేను తరచూ చూస్తున్నా. అందుకే పాలసీ తీసుకునేటప్పుడు ఫారం మీద ఫోన్ నంబరు గడి ఒక్కటి మీ కళ్లతో చదువుకోండి.

డిపాజిట్ అని చెప్పి ఇచ్చే పాలసీ

పెద్దవూర వైపు ఒక పెద్దాయన బత్తాయి తోట అమ్మిన డబ్బు బ్యాంకులో వేయడానికి పోయాడు. బ్యాంకు పేరు ఇక్కడ చెప్పను. "ఐదేళ్లు పెట్టు పెద్దయ్యా, డిపాజిట్ కంటే ఎక్కువ వస్తది, బీమా కూడా ఉంటది" అని లక్ష రూపాయలు కట్టించారు. మరుసటి ఏడు ఇంకో లక్ష కట్టమని మెసేజ్ వచ్చింది. అది ఏడాదికోసారి లక్ష కట్టే పాలసీ. ఆయన చేతిలో రసీదు ఉంది. దాని మీద బ్యాంకు పేరు పెద్దగా, బీమా కంపెనీ పేరు చిన్నగా. 30 రోజులు ఎప్పుడో దాటాయి.

బ్యాంకులో ఏ కాగితం మీద సంతకం పెట్టినా ఒక్క మాట అడగండి: "ఇది ఎఫ్‌డీ రసీదా, పాలసీనా?" పాలసీ అయితే ఎన్నేళ్లు కట్టాలి, ఎన్నేళ్ల తర్వాత ఇస్తారు, మధ్యలో ఆపితే చేతికెంత వస్తుంది. ఈ మూడింటికి జవాబు కాగితం మీద రాసిమ్మనండి. క్రాప్ లోనుకో గోల్డ్ లోనుకో పోతే "ఈ పాలసీ తీసుకుంటేనే లోన్ ఇస్తం" అనడం తప్పు. అట్లా బలవంతం చేయడానికి వీల్లేదు. వద్దని చెప్పండి, మేనేజరును రాతపూర్వకంగా అడగండి. రాసి అడిగితే చాలా చోట్ల ఆ షరతు మాయమవుతుంది.

ఇప్పుడు ఖర్చు సంగతి మన లెక్కలోనే చూద్దాం. పొదుపు, బీమా కలిసిన పాలసీలు చివరికి ఇచ్చేది దాదాపు ఏడాదికి నూటికి ఐదారు రూపాయలు. ఊళ్లో మాట్లాడుకునే లెక్కలో అది నూటికి నెలకు అర్ధ రూపాయి వడ్డీ. ప్రీమియం గడువొచ్చిందని అదే మనిషి షావుకారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 50 వేలు తెచ్చి కడుతున్నాడు. ఆ 50 వేలకు ఏడాదికి 12 వేలు వడ్డీ కడతాడు, పాలసీ ఆయనకిచ్చేది 3 వేలు. ఈ లెక్కను కాల్‌క్యులేటరు మీద వేసి చూపిస్తే చాలామంది కాసేపు మాట్లాడరు.

పాత పాలసీని ఆపాలా వద్దా అన్నది ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. మొదటి ఏడాది ప్రీమియంలో పెద్ద వాటా కమీషనుకు, ఖర్చులకు పోతుంది కాబట్టి తొందరగా ఆపితే దెబ్బ ఎక్కువ. 2024 అక్టోబరు తర్వాత తీసుకున్న వాటికి ఒక ఏడాది ప్రీమియం కట్టాక కూడా సరెండర్ కింద, అంటే పాలసీని మధ్యలో వదిలేస్తే, కొంత రావాలి. కంపెనీని "ఈ రోజు సరెండర్ చేస్తే ఎంత, ఇకనుంచి కట్టకుండా పెయిడప్ చేస్తే గడువుకు ఎంత" అని రెండు అంకెలు రాతలో అడగండి. ఆ రెండూ చేతిలో లేకుండా ఎవరి మాటా వినకండి, నా మాట కూడా.

ఇంట్లో సంపాదించే మనిషి ఒక్కరే ఉండి, పిల్లలు చిన్నవాళ్లయితే నేను చెప్పేది టర్మ్ పాలసీ. చనిపోతేనే డబ్బు, బతికుంటే ఏమీ రాదు, అందుకే ప్రీమియం తక్కువ. "వాపస్ రానిదానికి ఎందుకు కట్టాలె" అని అడుగుతారు. బండి ఇన్సూరెన్సు కూడా వాపస్ రాదు కదా, అది కడుతున్నాం. వయసు తక్కువున్నప్పుడు తీసుకుంటే ప్రీమియం తక్కువకే ఖాయమవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, అంతకుముందు టర్మ్, ఆరోగ్య పాలసీల మీద 18 శాతం ఉండేది. ఇంకా జీఎస్టీ వేసి చెబుతుంటే అడగండి.

దవాఖాన పాలసీలో గది కిరాయి

ఆరోగ్య పాలసీలో ఎక్కువమందిని దెబ్బతీసేది గది కిరాయి షరతు. పాలసీ 3 లక్షలది, గది కిరాయి రోజుకు ఒక శాతం అని ఉందనుకోండి. అంటే 3 వేలు. మీరు హైదరాబాదులో 6 వేల గదిలో నాలుగు రోజులు ఉన్నారు. గది బిల్లు 24 వేలు, ఆపరేషన్, డాక్టరు, నర్సింగ్ ఖర్చులు 80 వేలు, మందులు, పరీక్షలు 40 వేలు. గది మీద 12 వేలు మనం పెట్టుకుంటే సరిపోతుందనుకుంటాం. కాదు. గది రెట్టింపు తీసుకున్నారు కాబట్టి డాక్టరు, ఆపరేషన్ ఖర్చులో కూడా సగమే ఇస్తారు. గదికి 12, ఆపరేషన్‌కు 40, మందులకు, పరీక్షలకు పూర్తిగా 40. లక్షా 44 వేల బిల్లులో వచ్చేది 92 వేలు, జేబులోంచి 52 వేలు. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ల మీద ఈ కోత వేయకూడదు, వేస్తే నిలదీయండి. కొనేటప్పుడే గది కిరాయి పరిమితి లేని పాలసీ అడగండి. ఉన్నదే అలాంటిదైతే చేరేటప్పుడు కౌంటరులో "మా పాలసీకి పట్టే గదే ఇవ్వండి" అని చెప్పండి.

మిగతావి తొందరగా చెబుతా. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదం తప్ప మరేదీ వర్తించదు. ముందునుంచి ఉన్న జబ్బుకు ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు ఆగమనొచ్చు. కో-పే 20 శాతం అని ఉంటే ప్రతి బిల్లులో ఐదో వంతు మీదే. క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా దవాఖానకు కట్టడం) అడిగాక గంటలో జవాబు, డిశ్చార్జి బిల్లు పంపాక మూడు గంటల్లో తుది అనుమతి రావాలని 2024 నుంచి నియమం. కంపెనీ మార్చుకోవాలంటే రెన్యువల్‌కు 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టండి, జబ్బు కోసం పాత పాలసీలో ఆగిన ఏళ్లు కొత్త కంపెనీలో కూడా కలుస్తాయి.

ఒకరోజు చేర్చుకున్నట్టు రాసి, కార్డు మీద బిల్లు లేపి, పంచుకుందామనే దవాఖానలు ఉన్నాయి. కార్డు ఇవ్వకండి. చేయని చికిత్స మీ పేరు మీద ఎక్కితే, రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు అదే ముందునుంచి ఉన్న జబ్బని క్లెయిము ఆపుతారు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసానికి ఏడేళ్ల దాకా జైలు కూడా ఉంది.

బండి, ట్రాక్టరు

థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఉండే బీమా, లేకుండా బండి రోడ్డెక్కితే మొదటిసారి 2 వేలు, మళ్లీ దొరికితే 4 వేలు జరిమానా. దానికంటే పెద్ద భయం ఇంకోటుంది. మన బండి తగిలి మనిషి పోతే ట్రిబ్యునల్ వేసే పరిహారానికి పరిమితి లేదు. బీమా లేకపోతే అది ఓనరు కట్టాలి, చేను అమ్మైనా. లైసెన్సు లేని కొడుకు నడిపినా అంతే. కంపెనీ ముందు బాధితులకు కట్టి, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. పిల్లవాడు మైనరైతే ఓనరుకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

బండి అమ్మినప్పుడు "వాడే మార్పించుకుంటడు" అని సంతకం పెట్టిచ్చి వదిలేస్తారు. ఆర్సీ మీ పేరు మీద ఉన్నంతకాలం యాక్సిడెంటు కేసు మీ మెడకే చుట్టుకుంటుంది. సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లు కూడా ఆర్సీతో పాటు బీమాను 14 రోజుల్లో తమ పేరుకు మార్పించుకోవాలి.

రోడ్డు పక్కన టేబులేసుకొని "300కే ఇన్సూరెన్సు" ఇచ్చేవాళ్ల దగ్గర తీసుకోకండి. థర్డ్ పార్టీ రేటు కేంద్రం నిర్ణయిస్తుంది, ఏ కంపెనీలోనైనా ఒకటే. 75 నుంచి 150 సీసీ టూవీలరుకు 2022 జూన్‌లో పెట్టిన ఏడాది రేటు 714 రూపాయలు, మీద 18 శాతం జీఎస్టీ. ఆ సైజు పెట్రోలు బండికి అంతకంటే అగ్గువకు కాగితం ఇస్తున్నారంటే అది దొంగ కాగితమే అనుకోండి. కాగితం మీది క్యూఆర్ కోడు స్కాన్ చేయండి, ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి బీమా తేదీ చూడండి. నడిపే ఓనరుకు 15 లక్షల ప్రమాద బీమా కూడా దాంతో పాటు ఉండాలి. లైసెన్సు లేకపోతే అది రాదు.

ట్రాక్టరు గురించి ఒక్కటే. నాట్లకు, పత్తి తీయడానికి, మిరప ఏరడానికి ఆడవాళ్లను ట్రాలీలో ఎక్కించుకొని పోతారు. ట్రాలీ సరుకు మోయడానికి, అందులో కూర్చున్న మనిషికి ఓనరు పాలసీ వర్తించదని కంపెనీ వాదిస్తుంది. ట్రాలీకి వేరేగా బీమా ఉందో లేదో కూడా చాలామందికి తెలియదు. కాలువ గట్ల మీద, మలుపుల దగ్గర ఏం జరుగుతుందో మన జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పాలా? కూలీలకు ఆటో మాట్లాడండి. అది కుదరదంటే ముందు ఒక్కొక్కరి బ్యాంకు ఖాతాలో ఆ 20 రూపాయల బీమా ఉందో లేదో ముఠా మేస్త్రీ చూడాలి.

65 నంబరు హైవే మీద చిట్యాల దగ్గరో, 44 మీద జడ్చర్ల దగ్గరో గుద్ది పారిపోయిన బండి దొరకకపోతే, చనిపోయిన మనిషి కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు ఇచ్చే కేంద్ర పథకం ఉంది. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం కాగితాలతో ఆర్డీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. ఇది తెలియక అడగని కుటుంబాలు ఎన్నో.

ఫోన్లు, ఆధార్ అడిగేవాళ్లు

"మేం ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నం, మీ పాత పాలసీ బోనసు లక్షన్నర ఆగింది, ఫైలు కదలాలంటే 18 వేలు కట్టండి." ఇది నూటికి నూరుపాళ్లు మోసం. ఐఆర్‌డీఏఐ బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ, అది పాలసీలు అమ్మదు, బోనసు ఇవ్వదు, డబ్బు కట్టమని ఎవరికీ ఫోన్ చేయదు. రైతుబీమా డబ్బు వచ్చిందని ఓటీపీ అడిగితే కూడా పెట్టేయండి. డబ్బు పోతే ఆ గంటలోనే 1930కు ఫోన్ చేయండి, ఖాతా ఆపించే అవకాశం ఉంటుంది. నిజంగా పాత డబ్బు పడి ఉందనుకుంటే బీమా భరోసా వెబ్‌సైటులో క్లెయిము చేయని మొత్తాలు వెతుక్కోవచ్చు, రూపాయి కట్టక్కర్లేదు.

ఇంకొకటి, చెప్పడానికే మనసొప్పదు. మన జిల్లాలోనే బీమా డబ్బు కోసం మనుషులను చంపిన కేసులు పోలీసులు బయటపెట్టారు. ఒంటరివాళ్లు, మంచానపడ్డవాళ్లు, తాగుడు అలవాటున్నవాళ్ల పేరు మీద వేరేవాళ్లు పాలసీ తీస్తారు. "రెండు వేలిస్తం, ఆధార్, ఫొటో ఇయ్యి, ఇక్కడ వేలు పెట్టు" అంటే ఆ కాగితం ముట్టనియ్యకండి. ఇంట్లో ముసలాయన ఫోనుకు తెలియని పాలసీ మెసేజ్ వస్తే ఊరుకోకుండా ఆ కంపెనీ నంబరుకు ఫోన్ చేసి నామినీ ఎవరో అడగండి. తెలియని పేరుంటే నేరుగా పోలీసుస్టేషనుకు పోండి.

క్లెయిము రాదంటే

నోటిమాటగా "రాదన్నరు" అంటే కుదరదు. ఏ క్లాజు కింద ఇవ్వనంటున్నారో రాతలో తీసుకోండి. జీవిత బీమా క్లెయిము విచారణ అవసరం లేకపోతే 15 రోజుల్లో, విచారణ ఉంటే 45 రోజుల్లో తేల్చాలి. ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు ఉత్తరం. 155255కు ఫోన్ చేసి గానీ, బీమా భరోసా వెబ్‌సైటులో గానీ ఫిర్యాదు నమోదు చేయండి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదు లకిడీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా తగాదాలు తీర్చే అధికారికి, రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపే పోవాలి. అట్లా కాకుంటే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్, అక్కడ రెండేళ్ల గడువు.

ఉత్తరం పెద్దగా రాయాల్సిన పని లేదు. మేం టైపు చేసిచ్చేది ఇట్లా ఉంటుంది, చేత్తో రాసుకున్నా సరే:

"గ్రీవెన్స్ ఆఫీసరు గారికి. పాలసీ నంబరు ఫలానా, పాలసీదారు పేరు ఫలానా, నేను నామినీని. ఫలానా తేదీన క్లెయిము నంబరు ఫలానా పెట్టాను. ఫలానా తేదీ ఉత్తరంలో ఫలానా కారణం చెప్పి తిరస్కరించారు. ఈ కారణం సరికాదు, ఎందుకంటే (రెండు మూడు వాక్యాలు మాత్రమే). ఆధారంగా దవాఖాన చీటీ, డిశ్చార్జి కాగితం, ప్రపోజల్ ఫారం కాపీ జతచేస్తున్నాను. క్లెయిము మొత్తం చెల్లించగలరు. లేదంటే మీ నిర్ణయానికి ఆధారమైన విచారణ రిపోర్టు కాపీ నాకు ఇవ్వగలరు. సంతకం, ఫోన్ నంబరు, తేదీ."

అసలు కాగితాలు ఇవ్వకండి, జిరాక్సులే జతచేయండి. బ్రాంచిలో ఇస్తే రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్టులో అయితే రిజిస్టర్డ్ పోస్టు చేసి, రసీదును ఆ కాపీకే పిన్ను కొట్టి పెట్టండి.